బొల్లి గుర్రం, సారవ్వ మోకాళ్లు

గనిలోకి దిగేవాళ్లు ముందు లాంపు రూం కిటికీ దగ్గర వరుస కడతారు. ఒక్కొక్కరు తమ నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకుంటారు. బిళ్ల కొక్కేనికి ఎక్కుతుంది, దీపం మనిషితో లోపలికి పోతుంది. షిఫ్టు అయ్యాక దీపం తిరిగొస్తే బిళ్ల దిగుతుంది. అందరూ వెళ్లిపోయాక కూడా ఒక బిళ్ల వేలాడుతూ ఉందంటే, ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. పద్దెనిమిదేళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చుని బిళ్లలు తగిలించేది, దించేది సారవ్వ.

మే నెలలో ఒక శనివారం పొద్దున, మొదటి షిఫ్టుకి వచ్చిన రాజం బిళ్ల ఇస్తూ అడిగాడు.

"ఏమక్కా, నీ గుర్రం ఎన్నో నంబరుల ఉన్నది?"

"పన్నెండుల. నిన్నటితోటి నడక పరీక్ష అయిపోయింది. ఇయ్యాల అడివి ఉర్కుడు."

"నడకకు సుత పరీక్షనా? మనకైతే ఎవలు పెట్టలే."

"పెడితే నువ్వు ఫెయిలే. తాగి నడిచెటోళ్లను తీసుకోరు."

వరుసంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, "గోదావరిఖనిల ఎండకు బొగ్గే కరుగుతున్నది, ఈమెకు ఇంగ్లండు గుర్రాల ఫికరు" అన్నారు. సారవ్వ ఆ మాట అన్నవాడి వంతు వచ్చేదాకా ఆగి, దీపం వెలుగుతుందో లేదో అతని కళ్లలోకే కొట్టి చూసి ఇచ్చింది.

ఆమె ఏటా ఫోనులో చూసే ఆ ఇంగ్లండు గుర్రాల పోటీ నాలుగు రోజులు సాగుతుంది. మొదటి రెండు రోజులు గుర్రం గీత గీసినట్టు, ఒద్దికగా నడవాలి. మూడో రోజు అదే గుర్రం, అదే మనిషితో, చెట్ల మధ్య, వాగులో, గుట్ట మీద, ఛాతీ ఎత్తు దుంగల మీదుగా నాలుగు మైళ్లు ఉరకాలి. నాలుగో రోజు మైదానంలో రంగు కట్టెలు పడకుండా దూకాలి. తప్పులు ఎవరికి తక్కువుంటే వాళ్లదే గెలుపు. ఆడవాళ్లకు వేరే, మగవాళ్లకు వేరే అన్నది లేదు. అందరూ ఒక్క పోటీలోనే. ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు సారవ్వ గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైకి పోతుంది. ఆమె గుర్రం కూడా మగది కాదు. పదిహేడేళ్ల ఆడ గుర్రం. ముఖాన తెల్లటి పట్టె ఉంటుంది కనక బొల్లి అని ఆమే పేరు పెట్టుకుంది. దాని మీద కూర్చునే ఆమెకు యాభై రెండేళ్లు. ఆమె అసలు పేరు సారవ్వ నోరు తిరగదు. ఎర్ర కోటు తొడుక్కుంటుందని ఎర్రకోటక్క అంటుంది.

"ఎన్ని గుర్రాలుండంగ దాన్నే ఎందుకు పట్టుకున్నవు?" అని అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు. "ముసల్దయింది, ఇగ కట్టేసుకొమ్మని అందరు అంటున్నరట. అది వస్తనే ఉన్నది."

గుర్రాల మీద ఆశ ఆమెకు పుట్టుకతో వచ్చింది. తండ్రి ఓదెలు రామగుండం స్టేషను నుంచి గోదావరిఖనికి జట్కా తోలేవాడు. ఇంటికి రాగానే తను నీళ్లు తాగకముందే గుర్రం నాలుగు కాళ్లు చేత్తో తడిమి వేడి చూసేవాడు. "మనిషి లేని నొప్పిని సుత చెప్పుకుంటడు బిడ్డా. గుర్రం ఉన్న నొప్పిని దాచుకుంటది. అందుకే చెయ్యి పెట్టి చూడాలె" అనేవాడు. తర్వాత ఆటోలు వచ్చాయి, జట్కా పోయింది. ఇప్పుడు ఆ ఓదెలు మనవడు, సారవ్వ కొడుకు ప్రశాంత్, అదే రోడ్డు మీద ఆటో తోలుతున్నాడు.

మూడేళ్ల కిందట కోడలు మమత ఆమె ఫోను పట్టుకుని, "అత్తా, నీకేం చూడాలని ఉంటే అది నోటితోని చెప్పు, వస్తది" అంది. సారవ్వ ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, "గుర్రం దుంకుడు" అని అరిచింది. వచ్చింది. గుర్రం గిట్టల చప్పుడు చిన్నప్పుడు పోయింది పోయినట్టే ఆ గదిలోకి తిరిగొచ్చింది. ఆ రోజు కూర మాడింది.

కానీ ఆమెను పట్టేసింది చప్పుడొక్కటే కాదు. అడివి ఉర్కుడు నాడు గుర్రాలు నంబరు కట్టుకుని ఒక్కొక్కటే లోపలికి పోతాయి. కొన్ని తిరిగొస్తాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. సారవ్వ గోడ కేలెండరు మీద నంబర్లన్నీ రాసుకుని, గీత దాటి వచ్చినదాన్నల్లా కొట్టేస్తుంది. ఎవరు గెలిచారన్నది ఆమెకు తర్వాతి మాట. అన్ని నంబర్లూ కొట్టేసేదాకా ఆమె లేవదు.

మొదటి ఏడు ఒక పొరపాటు చేసింది. ఆ ముచ్చట ఆమె తన మీద తనే నవ్వుకుంటూ చెబుతుంది. నాలుగో రోజు దూకుడుకి ముందు ప్రతి గుర్రాన్నీ డాక్టర్ల ముందు ఉరికిస్తారు. ముందు రోజు పరుగుకి ఏ కాలైనా నొచ్చిందా అని చూస్తారు. బాగుంటే మైకులో 'యాక్సెప్టెడ్', అంటే ఒప్పుకున్నామని చెబుతారు, లేకపోతే పంపించేస్తారు. ఆ ఏడు ఒక నల్ల గుర్రాన్ని పంపించేశారు. సారవ్వ చప్పట్లు కొట్టింది.

"అబ్బ, అన్‌ఫిట్ అయింది! అదృష్టం చూడు పిల్లా. ఇగ దాని పిల్లకు నౌకరి వస్తది."

మమతకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎక్కిళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వు సరే, ఆ పొరపాటు ఇక్కడివాళ్లు ఎవరు చూసినా చేసేదే. ఈ బొగ్గుబాయిల ఊళ్లలో అన్‌ఫిట్ అన్నది ఒక వరం పేరు. ఒంట్లో బాగాలేక గని పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే, ఆ కార్మికుడి కొడుక్కో కూతురికో ఆ నౌకరి వస్తుంది. అందుకని సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉండగానే ఇంట్లో అందరూ ఆ మాట కోసం మొక్కుకుంటారు. ఫిట్ అని వచ్చిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

అయితే ఆ నల్ల గుర్రాన్ని నడిపించుకొచ్చిన పిల్ల దాని మెడ పట్టుకుని ఏడవడం సారవ్వ చూసింది. "ఏందే, ఎందుకు ఏడుస్తున్నది?" అంది. మమత చెప్పింది, అది అన్‌ఫిట్ కావడమే వాళ్లకు దుఃఖమని. సారవ్వ చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుందట. "అట్లాంటి దేశం సుత ఉంటదా" అని మాత్రం అందట.

ఇప్పుడు ఆమెకు యాభై ఆరు. ఈ శనివారానికి మూడు నెలల ముందే ఆమె పేరు మీద కూడా ఒక దరఖాస్తు వెళ్లింది. మోకాళ్లు పనిచేయడం లేదు, నడవలేను, అని. రాసింది ప్రశాంత్. కాగితాల కోసం తిరిగింది ఆమె తమ్ముడు జైపాల్. అతనిదీ అదే గని, లోపలి పని. సంతకం సారవ్వదే. కొడుకు అడిగాడు, ఊ అంది. ముప్పై రెండేళ్లొచ్చి ఎండలో ఆటో తోలే కొడుకు నౌకరి అడిగితే ఏ తల్లి కాదంటుంది? పై మెడికల్ బోర్డుకు పంపేముందు ఇక్కడి దవాఖానలో డాక్టరు చూడాలి. అది మంగళవారం. అంటే పోటీ అయిపోయిన రెండు రోజులకు.

జైపాల్ నెల రోజులుగా క్వార్టరు ముందు వాకిట్లో అక్కకు కుంటడం నేర్పుతున్నాడు.

"ఎడమ కాలు ఈడ్వు అక్కా. గంత కాదు, సినిమా లెక్క ఉంటది. జర తక్కువ."

సారవ్వ గేటుదాకా ఎడమ కాలు ఈడ్చుకుంటూ పోయి, తిరిగి వచ్చేటప్పుడు కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"అత్తా, పొయ్యేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటా?" అని మమత గుమ్మంలో కూర్చుని నవ్వింది.

"నవ్వకు పిల్లా, నౌకరి ముచ్చట ఇది" అన్నాడు జైపాల్. "అక్కా, కండ్లు సుత కనపడ్తలేవని చెప్పు. బిళ్ల మీద నంబరు చదువస్తలేదని చెప్పు. ఒక్కటి కాకుంటే ఒక్కటి పని చేస్తది."

"పద్దెనిమిదేండ్లల ఒక్క దీపం తప్పుగ ఇయ్యలే తమ్మీ నేను."

"గది డాక్టరుకు చెప్పకు."

ఆ శనివారం సాయంత్రం బొల్లి అడివి ఉర్కుడు పూర్తిచేసింది. కాకపోతే ఒక వాగు దగ్గర లాడం ఊడిపోయింది. ఆ తర్వాత కూడా ఏడు అడ్డాలు దూకి, కొన్ని సెకన్లు ఆలస్యంగా గీత దాటింది. సారవ్వ దాని నంబరు కొట్టేసింది కానీ, పెన్ను కింద పెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం, మన గడియారంలో ఒంటిగంట దాటాక, అక్కడ గుర్రాల పరీక్ష మొదలైంది. కూలరు ముందు నలుగురూ ఉన్నారు. ప్రశాంత్ పడుకుని ఉన్నాడు, జైపాల్ తింటున్నాడు, మమత వడ్డిస్తోంది. సారవ్వ పళ్లెం ముందు కూర్చుని ఫోను చూస్తోంది. ఎర్రకోటక్క బొల్లి కళ్లెం పట్టుకుని పక్కనే ఉరికింది. డాక్టర్లు తలలు దగ్గర పెట్టుకున్నారు. ఒకాయన చెయ్యి పక్కకు చూపించాడు. అనుమానం ఉంది, పక్కన నిలబెట్టండి, మళ్లీ చూస్తాం అని.

సారవ్వ కలిపిన ముద్ద పళ్లెంలోనే ఉండిపోయింది. ఆ నొచ్చింది ఏ కాలని అడిగితే ఆమె ఒక్కోసారి ఎడమదంటుంది, ఒక్కోసారి కుడిదంటుంది. కానీ మిగతాది మాత్రం ఎప్పుడు చెప్పినా ఒకటే.

జైపాల్ ఫోనులోకి తొంగిచూసి, "దానికి తెలివి లేదక్కా. జర కుంటితే చాలు, ఇగ ఆయుష్షంత గడ్డి మేసుకుంట పండుకోవచ్చు" అన్నాడు.

"దాని పిల్ల సుత అడుగుతలేదు జూడు, 'అమ్మా కుంటు' అని" అంది సారవ్వ. అనేసి, ప్రశాంత్ వైపు చూసింది. అతను కళ్లు మూసుకునే ఉన్నాడు కానీ నిద్రపోవడం లేదు.

కాసేపటికి బొల్లిని మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి ఎర్రకోటక్క దాన్ని లాగలేదు. అదే ముందు ఉరికింది, ఆమె వెనక పడింది. చెవులు నిటారుగా, మెడ ఎత్తి, నాలుగు గిట్టలూ ఒక్క తాళంలో. మైకులో 'యాక్సెప్టెడ్' అన్న ఆ ఒక్క మాట వినిపించింది. సారవ్వకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో అదొకటి. అక్కడున్న జనమంతా చప్పట్లు కొట్టారు. ఇక్కడ ఎవరూ కొట్టలేదు. సాయంత్రం బొల్లి రెండు కట్టెలు పడేసి తొమ్మిదో స్థానంలో ఆగింది.

"తొమ్మిదో నంబరుకే గింత సంబురమా?" అన్నాడు జైపాల్.

"తిరిగొచ్చింది" అంది సారవ్వ. ఆ రాత్రే డ్యూటీ బూట్లు కడిగి ఆరబెట్టింది.

మంగళవారం పొద్దున ఆటో ఎక్కుతుంటే జైపాల్ ఆమె కాళ్లవైపు చూశాడు.

"చెప్పులేసుకోక బూట్లేంది అక్కా?"

"కాళ్ల నొప్పులు కద తమ్మీ. మెత్తగుంటది."

దవాఖాన వరండా పొడుగ్గా ఉంటుంది. రెండు వైపులా బెంచీల మీద మనుషులు. ఒకాయన కట్టుతో, ఒకామె కర్రతో, ఇద్దరు ముగ్గురు మరీ బాధగా కనిపించే ప్రయత్నంలో. జైపాల్, ప్రశాంత్ బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. డాక్టరమ్మ వయసులో చిన్నది. కాగితం చదివి, "నడవలేకపోతున్నారని రాశారు. కొంచెం నడిచి చూపించండమ్మా" అంది.

"గీ గది చాలది మేడం. వరండలకు రాండ్రి."

"ఎందుకు?"

"దూరం కెల్లి చూస్తెనే కాలు తెలుస్తది. మా నాయిన చెప్పిండు."

డాక్టరమ్మ ఏమనుకుందో ఏమో, లేచి వచ్చింది. సారవ్వ కొంగు నడుముకు చెక్కింది. ఒకసారి ఊపిరి పీల్చి, మెడ ఎత్తి, ఆ బెంచీల మధ్యనుంచి ఉరికింది. మందులిచ్చే కిటికీ దాకా ఉరికి, అక్కడ తిరిగి, మళ్లీ ఉరుక్కుంటూ వచ్చింది. బూట్ల చప్పుడు వరండా అంతా టక్ టక్‌మని మోగింది. కట్టు కట్టుకున్నాయన కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

"అమ్మా, ఆగండి, ఆగండి!"

"ముందర కెల్లి చూసిండ్రు. ఇగ పక్క కెల్లి చూడుండ్రి. రెండు కాళ్లు సమానం పడ్తున్నయా లేవా?"

ఇంకో చుట్టు ఉరికింది. కర్ర పట్టుకున్నామె పక్కామెతో, "పాపం, దిమాగ్ ఖరాబైనట్టున్నది. గా లెక్కల అన్‌ఫిట్ చేస్తరేమో" అంది.

డాక్టరమ్మ సారవ్వను కూర్చోబెట్టి నాడి చూసింది, మోకాళ్లు వంచి చూసింది, గోడమీద అక్షరాలు చదివించింది. చివరి వరస దాకా చదివింది.

"మరి ఈ దరఖాస్తు ఏమిటమ్మా?"

"సంతకం నాదే. తప్పు నాదే. కొట్టెయ్యుండ్రి."

"సరే, ఫిట్ అని రాస్తున్నాను."

"రాసుడు కాదు మేడం. గట్టిగ చెప్పుండ్రి. బయటికి ఇనపడాలె."

"అలా చెప్పే పద్ధతి లేదమ్మా ఇక్కడ."

"పద్దెనిమిదేండ్లు లోపలికి పొయ్యెటోళ్ల నంబర్లు నేను గట్టిగ పిలిచిన. నాది ఒక్కసారి ఎవలన్న పిలవాలె."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి లేచింది. తర్వాత తలుపు తెరిచి, పేరు పిలిచే మామూలు గొంతుకంటే రెండింతలు పెద్ద గొంతుతో, "సారవ్వ, లాంపు రూం. ఫిట్!" అంది.

వేపచెట్టు కింద అది వినపడింది. జైపాల్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. సారవ్వ మెట్లు దిగి వచ్చేసరికి అతని ముఖం కందగడ్డలా ఉంది.

"ఇజ్జత్ తీసినవు. మూడు నెలలు తిరిగిన నేను. ఇగ నీతోని మాట్లాడితే నా పేరు జైపాల్ కాదు!"

అతను ఆటో ఎక్కకుండా నడిచి వెళ్లిపోయాడు. ప్రశాంత్ ఆటో స్టార్టు చేశాడు. బొగ్గు లారీల వెనక, దుమ్ములో, చాలా దూరం పోయాక అన్నాడు.

"నా బతుకు కంటె నీకు గుర్రమే ఎక్కువైంది గదా అవ్వా."

"గుర్రం ముచ్చట కాదు బిడ్డా."

"మరి ఏంది? ముప్పై రెండేండ్లు నాకు. నా తోటోళ్లందరు నౌకర్లల ఉన్నరు."

"నీ గోస నాకు తెల్వదా? రోజు చూస్తలేనా?" సారవ్వ ముందుకు వంగి, అతని సీటు వెనక కమ్మీ పట్టుకుంది. "మీ నాయిన జరంతోని పోయిన్నాడు ఆయన జాగల నన్ను తీసుకున్నరు. అందరు గట్టయ్య నౌకరి అన్నరు. ఇప్పుడేమో ప్రశాంత్ నౌకరి అంటున్నరు. నడుమ పద్దెనిమిదేండ్లు నేనేంది రా, దండెమా? ఒకలు ఇడిసినయి ఇంకొకలు తొడుక్కునేదాక ఆరేసుకునెటందుకు?"

ప్రశాంత్ అద్దంలోంచి చూశాడు.

"నిజంగ నా కాళ్లు పోతే నేనే చెప్తుంటి, నాకు చాత కాదు, నువ్వు పో అని. పోలే గదా! ఉన్న కాలు లేదని రాసుకొని, రేపటి సంది ఇంటి ముందల సుత కుంటుకుంట తిరుగుమంటవా? ఎవలన్న చూస్తరని నీళ్లకు సుత ఉర్కరాదు గదా నేను. ఐదేండ్ల సర్వీసున్నది. చేస్త. దీపం దీపం ఇచ్చి, దీపం దీపం తీసుకొని, అప్పుడు దిగుత. కోపమొస్తే రానియ్యి. కుంటుడు నాతోని కాదు."

చౌరస్తా దగ్గర ఆటో ఆగింది. కుడివైపు క్వార్టర్లు, ఎడమవైపు గని.

"ఇంటికేనా?" అన్నాడు ప్రశాంత్, ముందుకే చూస్తూ.

"రెండో షిఫ్టు టైమైంది. గని కాడికి పోనియ్యి."

కొంచెంసేపు ఇంజను అలాగే కొట్టుకుంది. తర్వాత అతను హ్యాండిలు ఎడమవైపు తిప్పాడు. గేటు దగ్గర ఆమె దిగి పది అడుగులు వేశాక వెనకనుంచి అన్నాడు, "షిఫ్టు ఇడిసినంక గిక్కన్నే ఉండు. చీకట్ల నడవకు. నేనొస్త."

"నడవొస్తది నాకు" అంది సారవ్వ. మళ్లీ తనే వెనక్కి తిరిగి, "రా" అంది.

అప్పటికే ఊళ్లో సగానికి ఈ ముచ్చట తెలిసిపోయింది. కిటికీ ముందు వరుసలో గుసగుసలు. రాజం షిఫ్టు ముగించుకుని పైకొచ్చి దీపం ఇస్తూ, "ఏమక్కా, పందెం గెలిచినవట" అన్నాడు. "తొమ్మిదో నంబరు" అంది ఆమె, అతని బిళ్ల దించి ఇస్తూ.

వరుసలో జైపాల్ వంతు వచ్చింది. తల పక్కకు తిప్పుకుని, బిళ్ల కిటికీ బల్ల మీద టక్కున పెట్టాడు. సారవ్వ దాన్ని ముట్టుకోలేదు.

"నంబరు చెప్పు."

జైపాల్ మాట్లాడలేదు. బిళ్లను వేలితో ముందుకు తోశాడు.

"నంబరు."

వెనకవాళ్లు, "జల్ది కానియ్యన్నా, షిఫ్టు పోతది" అని అరుస్తున్నారు. జైపాల్ పళ్లు బిగించి, "బిళ్ల మీద ఉన్నది గదా!" అన్నాడు.

"నాకు కండ్లు కనపడ్తలేవు గదా తమ్మీ. బిళ్ల మీద నంబరు చదువస్తలేదు. నువ్వే గదా చెప్పినవు."

వరుస మొత్తం గొల్లుమంది. నవ్వకూడదని జైపాల్ చాలా గట్టిగా పట్టుకున్నాడు కానీ, మీసం ఒక పక్కన ఒప్పుకోలేదు.

"మూడువందల పద్నాలుగు" అన్నాడు.

సారవ్వ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాపి ఆ దీపాన్ని తీసింది. వెలిగించి, అతని ముఖాన కొట్టి చూసి, చేతికిచ్చింది. బిళ్లను కొక్కేనికి తగిలించింది.

"తిరిగొచ్చి నాకే ఇయ్యాలె" అంది. "నేను ఈడనే ఉంట."